అవతలి గట్టు నుంచి

పటమట,
12 నవంబరు 2007.

జక్కయ్యా,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. శివపార్వతి మోకాళ్ళ నొప్పులూ నా దగ్గూ వాటి వాటి చోట్ల భద్రంగా ఉన్నాయి. ఫోన్ చేద్దామంటే నీ చెవులు సహకరించవు, అరిచే ఓపిక నాకు లేదు. ఇరవై ఏళ్ళు ఒకే స్టూడియోలో పక్కపక్కనే కూర్చుని కాగితం ముక్కల మీద రాసుకుంటూ మాట్లాడుకున్నాం. ఇప్పుడూ అదే పని, కాకపోతే మధ్యలో పోస్టుమాను చేరాడు.

సంగతేమిటంటే, మా అల్లుడు రాంబాబు నా చేతిలో ఒక డిజిటల్ కెమెరా పెట్టాడు. సబ్బుపెట్టె కంటే కాస్త లావు. చొక్కా జేబులో పడుతుంది. మీట నొక్కగానే తాబేలు తల పెట్టినట్టు లెన్సు బయటికొస్తుంది. "మామయ్యగారూ, ఇది పది రెట్లు దగ్గరికి లాగుద్దండీ" అన్నాడు. అంత లాగే లెన్సు మన కెమెరాకి బిగించాలంటే మోయడానికి వేరే మనిషి కావాలి గదా, పరాచికాలాడుతున్నాడనుకున్నాను.

డాబా ఎక్కి గుణదల కొండ వైపు పెట్టి లాగాను. శిలువ చేతికందేట్టు వచ్చేసింది. కిందికి దించి రెండు వీధుల అవతల డాబా మీద పెట్టాను. వడియాలు పెడుతున్న ఒకావిడ తన్నెవరూ చూడటం లేదన్న ధీమాతో పిండి నాకుతోంది. శివపార్వతి నా భుజం మీంచి చూసి, "పరాయి ఆడవాళ్ళ వడియాలతో మీకేం పనండీ" అని నన్ను కిందికి దింపేసింది.

లోపాలు చెప్పమంటావా? కంటికి ఆనించుకునే పనే లేదు, పేపరు చదివినట్టు చేతులు చాపి పట్టుకోవాలి. ఎండలో వెనకున్న అద్దంలో నా మొహం తప్ప ఇంకేం కనపడదు. బటన్ నొక్కితే వెంటనే తీయదు, ఒక క్షణం ఆలోచించుకుని తీస్తుంది. సాయంత్రమైతే బొమ్మ మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు. అయినా చెయ్యి వణికితే తనే సర్దుకుంటుంది. అరవై నాలుగేళ్ళవాడికి అది చిన్న సాయం కాదు.

నవ్వనంటే ఒకటి చెబుతాను. మొదటిరోజు లోపలి చిప్పు బయటికి తీయాల్సి వచ్చింది. వెలుతురు తగిలితే పాడవుతుందని తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుని తీశాను. రాంబాబు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

బసవపున్నయ్య

*

నాగాయలంక,
25 నవంబరు 2007.

బసవన్నకు జక్కయ్య నమస్కారాలు.

నవ్వనని మాటివ్వలేదు గనక నవ్వాను. దుప్పటి సంగతి నేనైనా అదే చేసేవాణ్ణి. డార్క్‌రూములో బతికినవాళ్ళం మనం.

ఇక్కడ వేట మామూలుగానే ఉంది. ఉదయం రేవులో వేలంపాట, మధ్యాహ్నం ఐసు పెట్టెలు, సాయంత్రం లారీ. చేపల మధ్య పడ్డాక నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒకప్పుడు ఇవే వేళ్ళతో గోరంత నెగెటివ్ మీద పెన్సిలు ముల్లు పెట్టి, పెళ్ళికూతురి బుగ్గమీద మొటిమ తీసేసేవాణ్ణంటే ఇక్కడెవరూ నమ్మరు.

ఒక మాట అడుగుతాను. మా ఇంటి ముందు ఏటి పాయ ఉంది గదా. ఇవతలి గట్టు మీద మా అమ్మ పొద్దున్నే రొయ్యలు ఎండబోసి కాపలా కూర్చుంటుంది. అవతలి గట్టు మీది నుంచి తీస్తే మనిషి మొహం తెలుస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

దసరా నెలలో అమ్మకి జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు లేచి కాకుల్ని తిడుతోంది గనక కులాసాయే అనుకో. అప్పుడే గుర్తొచ్చింది, ఎనభై ఏళ్ళ మనిషికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. రేషన్ కార్డు ఫోటోకి కొంగు మొహం మీదికి లాక్కుంది, అందులో చీర తప్ప మనిషి లేదు. ఓటరు కార్డు వాళ్ళొచ్చిన రోజు పడవెక్కి లంకలోకి పోయింది. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ఆవిడ మొహం నిండా ఉంటాయని మీకు తెలుసు.

జక్కయ్య

*

పటమట,
4 డిసెంబరు 2007.

జక్కయ్యా,

ఊరికే అడిగేవాడివైతే పాయ వెడల్పు కూడా కొలిచేవాడివి కాదు. ఉత్తరం మడత లోపల పెన్సిలుతో నూట ఎనభై అడుగులని రాసి చెరిపావు. నువ్వు చెరిపింది నాకు కనపడదనుకున్నావా?

తెలుస్తుంది. నూట ఎనభై అడుగుల్లో మొహం బాగానే తెలుస్తుంది. కానీ మనసొప్పడం లేదు. మన స్టూడియోలో "రెడీ" అనకుండా బటన్ నొక్కిన రోజు ఉందా? ఏడుస్తున్న చంటిపిల్లకైనా రెడీ అని చెప్పే తీశాం. ఒక మనిషి వద్దన్నాక చాటు నుంచి తీయడం, నాకెందుకో కన్నం వేసినట్టుగా ఉంది. అందులోనూ మీ అమ్మ కొండలమ్మగారిని.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఉత్తరంలో రాసేది కాదు.

మరో దారి చూద్దాం. నువ్వే మెల్లగా అడిగి చూడు.

బసవపున్నయ్య

*

నాగాయలంక,
15 డిసెంబరు 2007.

బసవన్నా,

అడిగాను. పళ్ళెం విసిరింది. పళ్ళెంలో చేప కూడా ఉంది.

మీకు తెలిసిన విషయమే ఒకటి మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. ఇంట్లో ఎవరైనా పోతే, అంతకుముందు తీసిన ఫోటో లేకపోతే, శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి మనల్ని పిలిచేవాళ్ళు గదా. మీరు ఫోటో తీసుకొచ్చేవారు, నేను కుంచెతో ఆ మూసిన కళ్ళు తెరిచేవాణ్ణి. అందరూ నా పనితనం మెచ్చుకునేవాళ్ళు. "అచ్చం మా నాన్నలాగే చూస్తన్నాడండీ" అని ఏడ్చేవాళ్ళు.

ఆ కళ్ళు ఎవరివో మీకెప్పుడూ చెప్పలేదు. పోయినాయన కళ్ళు ఎలా ఉండేవో నాకేం తెలుసు? డెస్కు మీద చిన్న అద్దం పెట్టుకుని నా కళ్ళు చూసుకుని వేసేవాణ్ణి. మొగలరాజపురం నుంచి మైలవరం దాకా ఎన్ని ఇళ్ళ గోడల మీంచి నా కళ్ళు చూస్తున్నాయో లెక్క లేదు.

రేపు అమ్మకి అదే పని నేను చేయాలి. ఇక్కడ ఇంకెవరికీ రాదు. అమ్మ మొహంలో నా కళ్ళు పెట్టుకుని, దానికి దణ్ణం పెట్టుకుంటూ నేను బతకలేను అన్నా. అందుకు అడిగాను. పాపమైతే అది నాది. మీరు బటన్ నొక్కండి చాలు.

జక్కయ్య

*

పటమట,
11 ఫిబ్రవరి 2008.

జక్కయ్యకు,

క్షేమంగా చేరాను. మీ ఇంటి చేపల పులుసు గురించి శివపార్వతికి చెబితే, ఇక్కడి వంట మీద విమర్శగా తీసుకుంది.

అవతలి గట్టు మీంచి తీసిన ఫోటో సరిగా రాలేదు. చెయ్యి కదిలింది. ఏమీ అనుకోవద్దు.

కొండలమ్మగారికి నమస్కారాలు. వద్దులే, చెప్పకు.

బసవపున్నయ్య

*

నాగాయలంక,
20 ఫిబ్రవరి 2008.

బసవపున్నయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. నాకు చెవులు లేవుగానీ కళ్ళున్నాయండి.

ఆ రోజు అవతలి గట్టు మీద తుమ్మచెట్టు కింద మీ పక్కనే ఉన్నాను. తీసిన తరువాత కెమెరా కొంగున దాచినట్టు చొక్కా చాటున పెట్టి నాకు చూపించారు. అమ్మ నవ్వుతోంది. కర్ర ఒళ్ళో ఉంది, నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనిపిస్తున్నాయి, మచ్చలతో సహా మొహమంతా స్పష్టంగా ఉంది. మీరే కాగితం మీద రాసిచ్చారు: "నొక్కినప్పుడు మామూలుగా ఉంది, ఈ మిషను ఆలోచించుకునే లోపల నవ్వింది. దాని లోపమే మనకు కలిసొచ్చింది" అని. ఆ కాగితం నా జేబులోనే ఉంది.

చాటుగా తీయడం మీకిష్టం లేదని తెలుసు. ఇవ్వడానికి మనసు రాకపోతే రాలేదని చెప్పండి. చెయ్యి కదిలిందని మాత్రం చెప్పొద్దు. మీ చెయ్యి కదిలిన ఫోటో ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు.

ఇట్లు,
జక్కయ్య

*

పటమట,
1 మార్చి 2008.

జక్కయ్యా,

"గారు" అని రాశావు. రెండు రోజులు అన్నం సహించలేదు. మొత్తం చెబుతాను, తరువాత నీ ఇష్టం.

ఫోటో బాగా వచ్చింది. నేనే చెరిపేశాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అవనిగడ్డ దాటాక కెమెరా తీసి చూసుకుంటున్నాను. పడవలూ కొంగలూ తుమ్మచెట్లూ కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. మీ అమ్మగారి బొమ్మ చూసినకొద్దీ, బస్సులో పక్కవాడి కంట పడుతుందేమోనని భయం పట్టుకుంది. అద్దం మీద "తీసేయాలా" అని అడిగే గుర్తు ఒకటుంది. మన స్టూడియోలో ఏం చేసేవాళ్ళం? ప్రింటు అక్కర్లేకపోతే చించి బుట్టలో వేస్తాం, నెగెటివ్ పెట్టెలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ కడుగుతాం. ఇదీ అంతే, లోపలెక్కడో నెగెటివ్ ఉంటుందనుకున్నాను. అన్నీ తీసేయమని నొక్కాను. శుభ్రంగా తీసేసింది. ఆ ఒక్కసారి మాత్రం ఆలోచించుకోలేదు.

మర్నాడు ఖాళీ అయింది గదా అని బ్యారేజీ మీదికెళ్ళి చిప్పు నిండా నీళ్ళ ఫోటోలు తీశాను. ఆ తరువాత కలర్ ల్యాబుకెళ్ళి, "అమ్మా, ఇందులో ఉన్న పాత నెగెటివ్‌లు కడిగిపెట్టు" అన్నాను. కౌంటరు దగ్గరి పిల్ల, "తాతగారూ, నెగెటివేంటండీ?" అంది. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. రాంబాబు కంప్యూటర్లో పెట్టి రెండు రోజులు వెతికాడు. వాటి మీద కొత్తవి ఎక్కేశాయి, ఇక రావన్నాడు. ముప్పై నాలుగేళ్ళు కెమెరా పట్టినవాణ్ణి, ఈ మాట నీకెలా రాయను? అందుకే నెపం చెయ్యి మీద పెట్టాను.

ఉత్తరంలో రాసేది కాదన్న రెండో సంగతి కూడా రాసేస్తాను. 1972లో నువ్వు మీ అమ్మగారిని స్టూడియోకి తీసుకొచ్చావు, గుర్తుందా? కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నువ్వు లోపల ఫిల్ము ఎక్కిస్తున్నావు. నేను లైట్లు వేసి, మంచిమాట చెబుతున్నాననుకుని, "భయపడకమ్మా, ఈ మచ్చలన్నీ మావాడు పెన్సిలుతో తీసేస్తాడులే" అన్నాను. ఆవిడ స్టూలు మీంచి లేచింది, చెప్పులు వేసుకుంది, వెళ్ళిపోయింది. నువ్వు బయటికొచ్చి ఎందుకెళ్ళిందని అడిగితే, "బస్సు టైమైందట" అని కాగితం మీద రాశాను.

ఆ తరువాత ఆవిడ ఎవరి కెమెరా ముందూ కూర్చోలేదు. ముప్పయ్యారేళ్ళుగా నీ దగ్గర దాచాను. చేసిన తప్పు ఒకటి, చెరిపిన తప్పు ఒకటి. రెండూ నావే.

బసవపున్నయ్య

*

నాగాయలంక,
12 మార్చి 2008.

బసవన్నా,

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు? చాలా వచ్చింది. చెరిపినందుకు కాదు. దుప్పటి కప్పుకున్నవాడు అంతకంటే ఏం చేస్తాడు? బస్సు టైమని రాసినందుకు. ఇన్నేళ్ళూ నేను పనివాణ్ణయ్యానని అమ్మకు నామోషీ, అందుకే లేచిపోయిందని అనుకుంటూ బతికాను.

రెండు రోజులు మనసులోనే పెట్టుకుని, మూడోరోజు ఉత్తరం పట్టుకెళ్ళి అమ్మ ముందు కూర్చున్నాను. మొత్తం చదివి వినిపించాను. రొయ్యలు ఏరుతూనే వింది. నాకు తెలిసేట్టు పెదాలు నిదానంగా కదుపుతూ, చేతులు తిప్పుతూ చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ రోజు గట్టు మీద పటమటాయన్ని నేను సూడలేదనుకున్నారంటరా? శుక్లాలు తీయించుకున్నాక నాకు దూరపుసూపు గద్దకున్నట్టుంది. తుమ్మసెట్టు సాటున ఒంగోని, కొంగ సేప కోసం కాసుకున్నట్టు కాసుకున్నాడు. ఎనకాల నువ్వు. ఇద్దరు ముసలోళ్ళు ముసలిదాని కోసం నక్కి కూసున్నారే అని నవ్వొచ్చింది. నవ్వితే అప్పుడు తీశాడు."

ఆ నవ్వు మిమ్మల్ని చూసి నవ్వింది అన్నా.

స్టూడియో సంగతి అడిగాను.  "మచ్చలున్నాయంటే ఉన్నాయి, దానికేం. తీసేయిత్తానన్నాడు. నన్నడిగాడా? అడిగితే ఏమో, సరే అనేదాన్నేమో. ఆ మచ్చల మొహాన్నే మీ నాన్న ఏరికోరి చేసుకున్నాడు. మా సొంత పిల్లోడు పెన్సిలు పెట్టి దాన్ని చెరిపేత్తాడని పరాయోడు చెబితే, ఇనాల్సొచ్చింది. అదీ నాకు గుచ్చుకుంది" అంది.   ఆ రోజు మీరు చెప్పినా చెప్పకపోయినా, నెగెటివ్ చేతికొస్తే నేను ఆ మచ్చలు తీసేసి ఉండేవాణ్ణే. అది ఇద్దరి తప్పు.

లేచి లోపలికెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి ఇంకో మాట చెప్పింది. "దగ్గరికొచ్చి తీయమను. రెడీ అని చెప్పి తీయమను. గట్టు సాటున కనపడ్డాడంటే రొయ్యపొట్టు కళ్ళలో కొడతా."

త్వరగా రండి. మళ్ళీ మనసు మారితే నేను పూచీ కాదు.

జక్కయ్య

*

పటమట,
6 ఏప్రిల్ 2008.

జక్కయ్యా,

దీంతోపాటు అట్టల మధ్య పెట్టి ఫోటో పంపుతున్నాను. ల్యాబు పిల్ల చేత తీయించిన మూడు కాపీలూ ఇందులోనే ఉన్నాయి. చిప్పు శివపార్వతి నగల పెట్టెలో పెట్టించాను. ఇక దాన్ని ముట్టుకోను.

పది రెట్లు లాగే కెమెరాతో ఒక్క రెట్టు కూడా లాగకుండా తీసిన ఫోటో ఇది. మూడడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్నాను. దూరంగా ఉన్నప్పుడు నా చెయ్యి రాయిలా ఉంది, దగ్గరికెళ్ళేసరికి వణికింది. "అమ్మా, ఆ రోజు అన్న మాటకి..." అని మొదలుపెట్టాను. ఆవిడ కొంగు సర్దుకుని, "నీ మాటలయ్యేలోపు ఎండ పోద్ది. రెడీ అను" అంది. అన్నాను. మన కెమెరానైతే కంటికి ఆనించుకుంటాం, దీనికి ఆ అవసరం లేదు, మొహానికి అడ్డం పెట్టుకోకుండానే తీయొచ్చు. అందుకని ఆవిడ లెన్సును చూడలేదు, నన్నే చూసింది. దాన్నే ఇన్నాళ్ళూ లోపమని తిట్టుకున్నాను.

మెరిసే గ్లాసీ మీద కాకుండా, కుంచె పట్టే మ్యాట్ కాగితం మీదే తీయించాను. ఎందుకో అలవాటు. నువ్వు దాని మీద చెయ్యి పెట్టవని తెలుసు.

బసవపున్నయ్య

*

నాగాయలంక,
16 ఏప్రిల్ 2008.

బసవన్నా,

ఫోటో అందింది. ఒక మూల కూడా నలగలేదు.

అమ్మ ఇన్నేళ్ళలో తన మొహం అద్దంలో కూడా సరిగా చూసుకున్నది కాదు. మా ఇంట్లో ఉన్న అద్దం బొట్టు పెట్టుకునేంతే. ఫోటో చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. తరువాత నా వైపు తిరిగి, "ఇది మా అమ్మ గదరా, ఎప్పుడు తీశారు?" అంది.

 జ్వరం మళ్ళీ తలకెక్కిందేమో అనుకున్నాను. మా అమ్మమ్మ నాకు పదేళ్ళప్పుడు పోయింది. ఆ రోజుల్లో ఈ లంకల్లో కెమెరా మొహం ఎవరు చూశారు? నా దగ్గర ఆవిడ గుర్తు ఒక్కటే, నా తల నిమిరిన చేతి ఉప్పువాసన. మొహం ఎంత తలుచుకున్నా రాదు.

అమ్మ ఫోటో మీద వేలు పెట్టి మచ్చలు ఒక్కొక్కటే తడిమింది. "కాదులే. మా అమ్మకి మచ్చల్లేవు. నేనే" అంది. అని ఏడ్చింది. నేను పుట్టాక అమ్మ ఏడవడం చూసింది నాన్న తెప్ప తిరిగిరానప్పుడు ఒక్కసారే.

సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "పటమటాయన మూడు పంపాడన్నావు గదా. ఒకటి ఇట్టాగే ఉంచు, అది నేను. ఇంకోదాంట్లో మచ్చలు తీసెయ్యి. అది మా అమ్మ" అంది. తీసేసినందుకు నొచ్చుకోవా అని అడిగాను. "ఇప్పుడు నేను చెప్పి చేయిత్తన్నా గదరా" అంది.

నెగెటివ్ లేదు గనక పెన్సిలు పనికిరాదు. అటక మీంచి పాత రంగుల పెట్టె దించి సన్న కుంచె తీశాను. మొద్దుబారాయనుకున్న వేళ్ళకి పని గుర్తుంది. మీ మ్యాట్ కాగితం రంగు బాగా పట్టింది. నాలుగు పొద్దులు పట్టింది నాకు. అమ్మ పక్కనే కూర్చుని కాకుల్ని తోలుతూ, "ఆ బుగ్గ ఇంకాస్త నున్నగుండేది" అని చెబుతూ ఉంది. నిన్న మధ్యాహ్నానికి మా అమ్మమ్మ వచ్చింది. యాభై ఏళ్ళ తరువాత నేను కూడా ఆవిణ్ణి చూశాను.

రెండూ పక్కపక్కనే గోడకి కట్టాను. బతికుండగా ఫోటో కట్టకూడదని ఎదురింటివాళ్ళు అన్నారు. అమ్మ వినలేదు, పొద్దున్నే వాటి ముందే నిలబడి టీ తాగుతోంది.

పెట్టె దించినప్పుడు దాంతోపాటు నా పాత చిన్న అద్దం కూడా వచ్చింది. తుడిచి మళ్ళీ లోపల పెట్టేశాను. కళ్ళ జోలికి నేను వెళ్ళలేదు అన్నా. పని పడలేదు.

మీ తమ్ముడు
జక్కయ్య